దారిలో లేని అయస్కాంతం: అహరొనోవ్-బోమ్ ఎఫెక్ట్ వెనకున్న కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక చిన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఒక వస్తువు మిమ్మల్ని తాకలేదు, తొయ్యలేదు, లాగలేదు. మీరు నడిచిన దారిలో దాని జాడ కూడా లేదు. అయినా మీరు అవతలికి చేరేసరికి మీలో ఏదో మారిపోయింది. ఇలా జరుగుతుందా? ఫిజిక్స్ ప్రకారం జరగకూడదు. 1959 దాకా దాదాపు అందరూ అనుకున్నది అదే.

కానీ జరుగుతుంది. దాన్ని గట్టిగా చెప్పింది ఇద్దరు. ఒకాయన పాస్‌పోర్ట్‌ని సొంత దేశమే తీసేసుకుంది. ఇంకొకతను 26 ఏళ్ల స్టూడెంట్, అంటే ఇప్పుడు మీతో మాట్లాడుతున్న నాకంటే చిన్నవాడు. వాళ్లకంటే పదేళ్ల ముందే ఇదే విషయం రాసిన ఇద్దరిని ఎవరూ పట్టించుకోలేదు. ఇది నిజమా కాదా అని గొడవ తేలడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం. లెక్కలు ఉండవు, కంగారు పడకండి.

లెక్క కోసం పెట్టుకున్న గుర్తా, నిజమైన వస్తువా?

బీటెక్‌లో ఈసీఈ, ఈఈఈ చదివినవాళ్లకి ఈఎంటీ అనే సబ్జెక్ట్ గుర్తుండే ఉంటుంది. అందులో వెక్టర్ పొటెన్షియల్ అని ఒక టాపిక్ వస్తుంది. చాలామంది దాన్ని రెండు మార్కుల డెఫినిషన్‌గా బట్టీ కొట్టి పరీక్ష అయ్యాక వదిలేస్తారు. పుస్తకాలు కూడా దాదాపు అలాగే చెప్తాయి: మాగ్నెటిక్ ఫీల్డ్ అనేది నిజం, వెక్టర్ పొటెన్షియల్ అనేది ఆ ఫీల్డ్‌ని ఈజీగా లెక్కకట్టడానికి పనికొచ్చే ఒక టూల్.

మొదట్లో అలా లేదు. 1831లో ఫారడే అయస్కాంతం చుట్టూ ఉన్న పదార్థం ఒక రకమైన ప్రత్యేక స్థితిలోకి వెళ్తుందని ఊహించాడు. తర్వాత మాక్స్‌వెల్ ఆ ఊహకి గణితం ఇచ్చాడు. మనం ఈరోజు వెక్టర్ పొటెన్షియల్ అనేది అదే. మాక్స్‌వెల్ దాన్ని పక్కన పెట్టలేదు, తన సిద్ధాంతంలో ముఖ్యమైన చోటే కూర్చోబెట్టాడు.

ఆయన పోయాక సీన్ మారింది. ఆలివర్ హెవిసైడ్ అని ఒకాయన ఉండేవాడు. కాలేజీ చదువు లేదు, టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసి సొంతంగా నేర్చుకున్న మనిషి. ఆయన, జర్మనీలో హెర్ట్జ్, ఇద్దరూ విడివిడిగా మాక్స్‌వెల్ సమీకరణాలని శుభ్రం చేశారు. పొటెన్షియల్స్‌ని తీసేసి ఎలక్ట్రిక్ ఫీల్డ్, మాగ్నెటిక్ ఫీల్డ్ మాత్రమే ఉంచారు. ఈరోజు క్లాసులో మనకి చెప్పే నాలుగు మాక్స్‌వెల్ సమీకరణాలు హెవిసైడ్ చేతిలో ఆ రూపానికి వచ్చినవే.

వాళ్లు తీసేయడానికి బలమైన కారణం ఉంది. ఒక ఉదాహరణ చూడండి. మన దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ అంటే అమెరికాలో ఉన్న మన అక్కవాళ్లు ఫస్ట్ ఫ్లోర్ అంటారు. నంబర్ మారింది, బిల్డింగ్ మారలేదు. రెండు ఫ్లోర్ల మధ్య ఎన్ని మెట్లు ఎక్కాలో అది ఎవరు లెక్కపెట్టినా ఒకటే. పొటెన్షియల్ కూడా అలాంటిదే. దాని విలువని కొన్ని రూల్స్ ప్రకారం మార్చుకోవచ్చు, అయినా ఫీల్డ్ మారదు. మన ఇష్టానికి మార్చుకోగలిగేది ప్రకృతిలో నిజంగా ఎలా ఉంటుంది? కాబట్టి అది మనం పెట్టుకున్న గుర్తే అని తేల్చేశారు. ఆ వాదనలో పెద్ద లోపం ఏమీ కనిపించదు.

1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చింది. ఎలక్ట్రాన్ లాంటి ఛార్జ్ ఉన్న కణాన్ని మాగ్నెటిక్ ఫీల్డ్‌లో పెట్టి ఆ సమీకరణం రాస్తే, అందులో ఫీల్డ్ కనిపించదు, పొటెన్షియలే కనిపిస్తుంది. అది అందరూ చూశారు. చూసి కూడా, ఎలా రాసినా చివరి జవాబు ఫీల్డ్ మీదే ఆధారపడుతుందిలే అనుకుని ముందుకెళ్లిపోయారు. నిజంగా అంతేనా అని ఆగి చూసింది చాలా తక్కువమంది.

గుడి చుట్టూ ఇద్దరు

ఇప్పుడు అసలు ప్రయోగం ఊహించుకుందాం. సన్నగా, పొడవుగా ఒక కాయిల్ ఉంది. కరెంట్ ఇస్తే మాగ్నెటిక్ ఫీల్డ్ అంతా కాయిల్ లోపలే ఉంటుంది. కాయిల్ చాలా పొడవైతే బయట ఫీల్డ్ సున్నా. దిక్సూచి ముల్లు పెట్టినా కదలదు. ఇప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ని పంపిద్దాం. క్వాంటమ్ ప్రపంచంలో ఎలక్ట్రాన్‌కి అల లక్షణం ఉంటుంది కాబట్టి, ఆ అల రెండుగా చీలి కాయిల్‌కి ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి వెళ్లి వెనకాల కలుస్తాయి. ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా పడుతూ పోతే, తెర మీద వెలుగు చీకటి చారలు తయారవుతాయి. వాటినే ఇంటర్‌ఫియరెన్స్ ఫ్రింజెస్ అంటాం.

దీన్ని గుడిలో ప్రదక్షిణ అనుకోండి. గర్భగుడి తలుపులు మూసేసి ఉన్నాయి, లోపల ఏముందో కనపడదు. ఇద్దరు ఫ్రెండ్స్ ధ్వజస్తంభం దగ్గర వాచీలు ఒకే టైమ్‌కి పెట్టుకుని, ఒకడు ఎడమవైపు, ఒకడు కుడివైపు బయల్దేరి గుడి వెనకాల కలుసుకున్నారు. ఇద్దరూ ఒకే వేగంతో ఒకే దూరం నడిచారు. వాచీలు ఒకే టైమ్ చూపించాలి కదా? కానీ ఒకడి ముల్లు ముందుంది, ఒకడిది వెనకుంది. ఎంత తేడా అనేది మూసిన తలుపుల వెనక ఎంత మాగ్నెటిక్ ఫ్లక్స్ ఉందో దాని మీదే ఆధారపడుతుంది. లోపలి ప్రాకారంలో నడిచారా, బయటి ప్రాకారంలో నడిచారా అనేది లెక్కలోకే రాదు. గర్భగుడిని మధ్యలో ఉంచుకుని చుట్టొచ్చారా లేదా, అంతే ముఖ్యం.

ఎలక్ట్రాన్ విషయంలో ఆ వాచీ ముల్లుని ఫేజ్ అంటారు. లోపలి ఫ్లక్స్ మారితే ఫేజ్ తేడా మారుతుంది, తెర మీద చారలు పక్కకి జరుగుతాయి. చారలు సరిగ్గా ఒక గడి జరగాలంటే ఎంత ఫ్లక్స్ కావాలో కూడా తెలుసు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఛార్జ్‌తో భాగిస్తే వచ్చే విలువ అది. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, క్లైమాక్స్‌లో మళ్లీ వస్తుంది.

ఇంకో సూక్ష్మమైన విషయం ఉంది. నిజంగా ఏదైనా బలం ఎలక్ట్రాన్లని తోసి ఉంటే, అవి పడే ప్రాంతం మొత్తం పక్కకి జరగాలి. ఇక్కడ అది జరగదు. ఎలక్ట్రాన్లు పడే ప్రాంతం అక్కడే ఉంటుంది, దాని లోపల చారలు మాత్రమే జరుగుతాయి. అంటే తోసింది ఎవరూ లేరు. అయినా ఫలితం మారింది.

దేశం లేని ప్రొఫెసర్

ఇది రాసింది యాకిర్ అహరొనోవ్, డేవిడ్ బోమ్. 1959 ఆగస్టులో ఫిజికల్ రివ్యూ జర్నల్‌లో వచ్చింది. అప్పుడు ఇద్దరూ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీలో ఉన్నారు. బోమ్ అక్కడికి ఎలా వచ్చాడన్నది వేరే కథ.

బోమ్ 1917లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. బర్క్‌లీలో ఓపెన్‌హైమర్ దగ్గర చదివాడు. మీలో చాలామంది ఆ సినిమా చూసే ఉంటారు. ఆ తర్వాత ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగం వచ్చింది. 1949లో కమ్యూనిస్టుల వేట నడుస్తున్నప్పుడు అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ఆయన్ని పిలిచింది. తెలిసినవాళ్ల గురించి చెప్పమంటే బోమ్ చెప్పలేదు. 1950 చివర్లో అరెస్ట్ చేశారు. 1951లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. కానీ ప్రిన్స్‌టన్ కాంట్రాక్ట్ పొడిగించలేదు. కోర్టులో గెలిచాడు, ఉద్యోగం పోయింది.

ఐన్‌స్టీన్ సిఫారసు ఉత్తరంతో బ్రెజిల్‌లోని సావో పాలో వెళ్లాడు. అక్కడికి చేరిన కొద్దికాలానికే అమెరికన్ అధికారులు ఆయన పాస్‌పోర్ట్ తీసేసుకున్నారు. తిరిగి అమెరికా వెళ్లడానికి తప్ప ఇవ్వమన్నారు. వేరే దేశానికి కదలాలంటే బ్రెజిల్ పౌరసత్వం తీసుకోవాల్సి వచ్చింది, దాంతో అమెరికన్ పౌరసత్వం పోయింది. 1955లో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో టెక్నియాన్‌కి, 1957లో బ్రిస్టల్‌కి. హైఫాలో ఆయనకి దొరికిన స్టూడెంటే అహరొనోవ్. గురువుతో పాటు బ్రిస్టల్ వచ్చేశాడు. ప్రిన్స్‌టన్ ఆయన్ని వదలకపోయి ఉంటే ఈ ఇద్దరూ కలిసేవాళ్లా అని నాకు డౌటే. అలాగని జరిగిన అన్యాయం మంచిదైపోదు. రెండూ నిజాలే.

పేపర్ టైటిల్‌లోనే వాళ్ల ఉద్దేశం ఉంది. క్వాంటమ్ సిద్ధాంతంలో ఎలక్ట్రోమాగ్నెటిక్ పొటెన్షియల్స్‌కి ఉన్న ప్రాముఖ్యం అని. అంటే దశాబ్దాల కిందట లెక్కల టూల్ అని పక్కన పెట్టినదాన్ని మళ్లీ మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టారు.

పదేళ్ల ముందే రాసినవాళ్లు

ఇక్కడ ఒక ట్విస్ట్. 1949లో వెర్నర్ ఎహ్రెన్‌బర్గ్, రేమండ్ సైడే అని ఇద్దరు ఇంగ్లండ్‌లో ఒక పేపర్ రాశారు. వాళ్ల టాపిక్ ఎలక్ట్రాన్ ఆప్టిక్స్. మైక్రోస్కోప్‌లో ఎలక్ట్రాన్ కిరణం ఎలా వంగుతుందో లెక్కకట్టే పని. ఆ లెక్కలో భాగంగా, ఎలక్ట్రాన్లు ఫీల్డ్‌లోకి అడుగుపెట్టకపోయినా చారలు జరుగుతాయని స్పష్టంగా రాశారు. పేపర్ అచ్చయింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

అహరొనోవ్, బోమ్‌లకి ఆ సంగతి తమ పేపర్ వచ్చాకే తెలిసింది. 1961లో రాసిన రెండో పేపర్‌లో ఆ పాత పని గురించి ప్రస్తావించారు. అదే ఏడాది బోమ్ లండన్‌లోని బిర్క్‌బెక్ కాలేజీకి మారాడు. ఎహ్రెన్‌బర్గ్ పనిచేసేది కూడా ఆ కాలేజీలోనే. ఇప్పటికీ కొందరు దీన్ని నాలుగు పేర్లతో ఎహ్రెన్‌బర్గ్-సైడే-అహరొనోవ్-బోమ్ ఎఫెక్ట్ అంటారు. కానీ గూగుల్‌లో మీకు ముందు కనిపించేది రెండు పేర్లే.

ఇది అన్యాయమా? కొంతవరకు అవును. కానీ తేడా ఎక్కడుందో కూడా చూడాలి. 1949 పేపర్‌లో ఇది ఒక పక్క ఫలితం. 1959 పేపర్‌లో ఇదే అసలు ప్రశ్న. ఇది నిజమైతే మనం నమ్ముతున్న బలం, ఫీల్డ్ అనే చిత్రం సరిపోతుందా అని నిలదీశారు. జవాబు రెండు చోట్లా ఒకటే. ప్రశ్న పెద్దదైంది, అందుకే జనం తిరిగి చూశారు.

మీసం, కాయిల్, ఉంగరం

కాగితం మీద ఒప్పుకోవడం వేరు, ల్యాబ్‌లో చూపించడం వేరు. 1960లో బ్రిస్టల్‌లోనే రాబర్ట్ ఛాంబర్స్ మొదటి ప్రయోగం చేశాడు. ఆయన వాడింది ఐరన్ విస్కర్, అంటే ఇనుముతో సహజంగా పెరిగే సన్నని మీసం లాంటి స్ఫటికం. మందం దాదాపు ఒక మైక్రాన్. మన వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, అంటే ఎంత సన్నమో చూడండి. చారలు జరిగాయి. 1962లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో మోలెన్‌స్టెడ్, బాయ్ కలిసి అతి చిన్న కాయిల్ తయారు చేసి, కరెంట్ మారుస్తుంటే చారలు జరగడం చూపించారు.

అయినా గొడవ ఆగలేదు. ఎందుకంటే మీసానికైనా కాయిల్‌కైనా రెండు చివరలు ఉంటాయి. చివర్ల నుంచి ఫీల్డ్ కొంచెం బయటికి లీక్ అవుతుంది. ఆ లీకైన ఫీల్డే ఎలక్ట్రాన్‌ని తాకిందేమో అని అడిగితే జవాబు కష్టం. 1978లో బొక్కియేరి, లోయింజర్ అనే ఇద్దరు ఇటాలియన్ శాస్త్రవేత్తలు ఇంకా ముందుకెళ్లి, అసలు ఈ ఎఫెక్టే లేదని పేపర్ రాశారు. దాని మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. సైన్స్‌లో ఇది తప్పేం కాదు. వాళ్లు అనుమానపడబట్టే తర్వాతి ప్రయోగం అంత గట్టిగా వచ్చింది.

ఆ ప్రయోగం చేసింది అకిరా టొనొమురా. హిటాచీ కంపెనీ రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేసేవాడు. 1970ల్లో ట్యూబింగెన్ వెళ్లి మోలెన్‌స్టెడ్ దగ్గర కొంతకాలం ఉండి వచ్చాడు. ఆయన ఐడియా సింపుల్: చివరలే సమస్య అయితే చివరలు లేని అయస్కాంతం వాడదాం. అంటే ఉంగరం, మన గారె ఆకారం. ఫీల్డ్ ఉంగరం లోపలే గుండ్రంగా తిరుగుతుంది, బయటికి రావడానికి చివరంటూ లేదు. ఎలక్ట్రాన్ అలలో ఒక భాగం గారె చిల్లులోంచి, ఇంకో భాగం గారె బయట నుంచి వెళ్తుంది. 1982లో ఇలా చేసి చూపించాడు.

అప్పుడు కూడా లీక్ పూర్తిగా లేదని ఎలా నమ్మాలి అన్నారు. దానికి 1986లో ఫైనల్ జవాబు ఇచ్చాడు. కొన్ని మైక్రాన్ల సైజున్న ఆ ఉంగరానికి చుట్టూ నియోబియం అనే లోహంతో తొడుగు వేశాడు. నియోబియం సుమారు 9 కెల్విన్ కంటే చల్లబడితే సూపర్ కండక్టర్ అవుతుంది. సూపర్ కండక్టర్ మాగ్నెటిక్ ఫీల్డ్‌ని తనలోంచి దాటనివ్వదు. దాని మీద రాగి పూత వేసి ఎలక్ట్రాన్లు లోపలికి చొరబడకుండా చేశాడు. ఫీల్డ్ బయటికి రాదు, ఎలక్ట్రాన్ లోపలికి పోదు. రెండు వైపులా తాళం.

ఇప్పుడు ఇందాకటి సంఖ్య గుర్తు తెచ్చుకోండి. సూపర్ కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలుగా తిరుగుతాయి. అందుకని అలాంటి తొడుగు లోపల ఫ్లక్స్ ఎంతంటే అంత ఉండదు, పూర్తి గడికి కావాల్సిన దాంట్లో సగం, రెండు సగాలు, మూడు సగాలు, ఇలా మెట్లుగానే ఉంటుంది. అంటే బయట తిరిగే ఎలక్ట్రాన్‌కి రెండే ఫలితాలు రావాలి. సరిసంఖ్య సగాలైతే చారలు కదలనట్టే కనిపించాలి. బేసిసంఖ్య సగాలైతే సరిగ్గా అరగడి జరగాలి. మధ్యలో ఏదీ ఉండకూడదు. టొనొమురా ఉంగరాలు ఒక్కోటి చల్లబరిచి చూస్తే సరిగ్గా ఆ రెండే వచ్చాయి. కొన్ని ఉంగరాలకి సున్నా, కొన్నింటికి అరగడి. ఆ అరగడి రావడమే తొడుగు నిజంగా సూపర్ కండక్టర్ అయిందని, లోపలి ఫ్లక్స్‌ని కట్టేసిందని రుజువు. ప్రయోగం తన తాళాన్ని తనే చెక్ చేసుకుంది.

యాదృచ్ఛికం ఏంటంటే, అదే 1986లో బోమ్ కోర్టుకెళ్లి తన అమెరికన్ పౌరసత్వం తిరిగి సంపాదించుకున్నాడు. పేపర్ రాసిన 27 ఏళ్లకి, దేశం వదిలిన 35 ఏళ్లకి. ఆ తర్వాత 1992లో లండన్‌లో చనిపోయాడు.

ఆ తర్వాత, మన వైపు కూడా

1985లో ఐబీఎమ్‌లో రిచర్డ్ వెబ్ బృందం ఒక మైక్రాన్ కంటే చిన్న బంగారు ఉంగరంలో కరెంట్ పంపించింది. ఉంగరం మధ్యలో ఫ్లక్స్ మారుతుంటే రెసిస్టెన్స్ లయగా పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. అంటే ఇది మామూలు లోహపు తీగలో కూడా కనిపించింది. 2022లో స్టాన్‌ఫర్డ్ బృందం రుబీడియం పరమాణువులతో గురుత్వాకర్షణలో కూడా దీనికి తోబుట్టువు లాంటి ఎఫెక్ట్ చూశామని ప్రకటించింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని వార్తల్లో వింటున్నాం కదా. సూపర్ కండక్టర్‌తో చేసే క్వాంటమ్ చిప్‌లలో చాలా భాగాలని ట్యూన్ చేసేది చిన్న లూప్‌లోంచి పంపే ఫ్లక్స్‌తోనే. చుట్టొచ్చిన దారికి, మధ్యలోని ఫ్లక్స్‌కి ఉన్న అదే ఫేజ్ లెక్క.

1984లో బ్రిస్టల్‌లోనే మైఖేల్ బెర్రీ, ఈ ఎఫెక్ట్ ఇంకా పెద్ద కుటుంబంలో ఒక సభ్యురాలని చూపించాడు. చుట్టొచ్చిన దారి ఆకారాన్ని బట్టి వచ్చే ఫేజ్ అది. తర్వాత తెలిసింది ఏంటంటే, బెంగళూరులో శివరామకృష్ణన్ పంచరత్నం అనే కుర్రాడు 1956లోనే కాంతి విషయంలో అలాంటి ఫేజ్ కనుక్కున్నాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా లేవు. సీవీ రామన్ మేనల్లుడు. 1969లో చిన్న వయసులోనే పోయాడు. ఎహ్రెన్‌బర్గ్, సైడేల కథే ఇక్కడ మళ్లీ జరిగింది.

బోమ్‌కి మన తెలుగు నేలతో కూడా ఒక లింక్ ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారితో ఆయన ఏళ్ల తరబడి సంభాషణలు జరిపాడు. 1980లో మాట్లాడుకున్నవి తర్వాత ది ఎండింగ్ ఆఫ్ టైమ్ అనే పుస్తకంగా వచ్చాయి. ఈ ఫిజిక్స్ ఆ సంభాషణల నుంచి పుట్టింది కాదు. 1959 పేపర్ ముందు, వాళ్ల పరిచయం 1961లో. వాట్సాప్‌లో ఎవరైనా కలిపి ఫార్వర్డ్ చేస్తే ఈ తేదీలు చూపించండి.

మరి పొటెన్షియల్ నిజమేనా? ప్రయోగం మీద ఇప్పుడు పెద్దగా అనుమానాలు లేవు, అర్థం మీద ఉన్నాయి. కొందరు పొటెన్షియలే నిజం అంటారు. కొందరు ఒక్క చోటి విలువకి అర్థం లేదు, చుట్టూ తిరిగొచ్చిన మొత్తమే నిజం అంటారు. మన ఫ్లోర్ల ఉదాహరణలో మెట్ల లెక్క లాగా, ఆ మొత్తాన్ని ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది. 2012లో లెవ్ వైద్‌మన్ అనే శాస్త్రవేత్త, కాయిల్‌ని కూడా క్వాంటమ్ వస్తువుగా చూస్తే పొటెన్షియల్ లేకుండానే ఫీల్డ్స్‌తో వివరించొచ్చు అన్నాడు. ఈయన ఎవరో కాదు, అహరొనోవ్ శిష్యుడే. గురువుకి నోబెల్ రాలేదు గానీ, 1998లో బెర్రీతో కలిపి వుల్ఫ్ ప్రైజ్ వచ్చింది. శిష్యుడేమో గురువు వాదననే ప్రశ్నిస్తున్నాడు. నాకైతే ఇదే ఈ కథలో ఆరోగ్యకరమైన భాగం అనిపిస్తుంది.

సమీకరణం 1926 నుంచి అందరి టేబుల్ మీదా ఉంది. కొత్త మెషిన్ అక్కర్లేదు, కొత్త గణితం అక్కర్లేదు. ఇది లెక్క కోసమే అని పెద్దలు చెప్పిన మాటని ఒకసారి పరీక్షించి చూడాలన్న ఆలోచన కావాలి, అంతే. మీ సిలబస్‌లో కూడా ఇది జస్ట్ ఫార్ములా, వదిలెయ్ అని దాటేసిన చోట్లు ఉంటాయి. అలాంటిది ఒకటి ఎంచుకుని ఈ వారం ఒక గంట దాని మీద కూర్చోండి. వచ్చే ఎపిసోడ్‌లో పంచరత్నం గురించి వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండీ, నమస్తే.